ఏమఱుపాటు ఎవ్వరిది?

కూలివాడు పరంజిపైనుండి పడినను, యంత్రమున వాని చేయి నలిగినను, మనము వెంటనే పలుకు మాటలు రెండు: "వాని యేమఱుపాటు", "వాని కర్మము". మొదటిది నేరమును వానిపై మోపును. రెండవది దైవముపై మోపును. రెంటను మనము తప్పించుకొనుచున్నాము. ఇది ధర్మమగునా?

ఏమఱుపాటు దోషమే. కాని దానిని దోషమనుటకు, మెలకువగా నుండు శక్తి మనుష్యునికి మిగిలియుండవలెను. మనోవ్యధయు నిద్రలేమియు ఆ శక్తినే హరించును. చింత గలవాని చేయి యొకచోట, మనస్సొకచోట నుండును. యంత్రము వానికై నిలువదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండు ఆయుధశాలలలో వెర్నన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించెను. దినమునకు 12 గంటలు పనిచేసినపుడు స్త్రీలకు కలిగిన గాయములు, పని 10 గంటలకు తగ్గినపిదప కలిగినవానికి రెండు రెట్లకు మించియుండెను. ఆ స్త్రీల స్వభావము మాఱలేదు, మాఱినది పనివేళ.

ఇది మనకు దూరపు మాట కాదు. పాలమూరు బిడ్డలు గుంపు మేస్త్రి యొద్ద ముందుగా సొమ్ము గొని, ఆలుబిడ్డలతో దూరదేశపు ఆనకట్టలకు తరలిపోయిరి. అప్పు తీఱనివాడు "అలసితిని" అనజాలడు. అనజాలనివాని యలసటయే ఒకనాడు గాయమగును.

పానగల్ ఉదయసముద్రమును చూడుడు. ఆ ప్రాచీన తటాకమున నేడు కృష్ణాజలము నిలుచుచున్నది. శ్రీశైలమునుండి ఎత్తిపోతల యక్కఱలేక నల్లగొండకు నీరు తెచ్చుటకై త్రవ్వుచున్న సొరంగము 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట చెంత కూలగా, ఉత్తరాదినుండి వచ్చిన ఎనమండుగురు లోపల చిక్కుకొనిరి. అది వారి యేమఱుపాటు గాదు, మనోవ్యధాఫలమును గాదు. నేల కూలెను, నీరుఱికెను. కాని యట్టిచోట దినదినము పనిచేయువాని మనస్సెట్లుండునో ఊహింపుడు. అట్టివాడు రేపు కాలుజాఱి పడిన, నేరము వానిదందుమా?

"కూలీలలో త్రాగుబోతులు లేరా?" యని కొంద ఱడుగుదురు. ఉందురు. 1923 నాటి శ్రామికుల నష్టపరిహారశాసనము మత్తును, బుద్ధిపూర్వకముగా రక్షణనియమమును మీఱుటను వేఱుచేసి, యజమానికి కొంత మినహాయింపు నిచ్చెను. వట్టి యేమఱుపాటున కట్టి మినహాయింపు నీయలేదు. మనము తొందరపడి చెప్పు తీర్పుకంటె ఆ శాసనమే దయగలది.

చదువరులారా, మీ యిల్లు కట్టువానిని "పండుగలోపల ముగింపు"మని తొందరపెట్టునపుడు, వాడు రాత్రి నిద్రించెనా, కూలి ముట్టెనా యని యొక్కమాట అడుగుడు. అడుగనిచో, ఆ యేమఱుపాటు మనదే.