అభ్యాసమునకు స్థైర్యమెట్లు కలుగును?

1954లో ఒహాయో రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున విల్లీ మాస్కోని, పూల్ బల్లపై ఒక్క గురియైనను తప్పక, వరుసగా 526 బంతులను గుంటలలో వేసెననిన, ఆ నైపుణ్యమునకు అబ్బురపడుటకంటె, అట్టి నిలుకడ చేతిదా, చిత్తముదా యని విచారించుట యుచితము.

యోగసూత్రములలో పతంజలి అభ్యాసము దృఢమగుటకు మూడింటిని విధించెను: దీర్ఘకాలము, నైరంతర్యము, ఆదరము. మొదటి రెండింటిని ప్రతి యాటగాడును ఎరుగును. గంటలకొలది కర్ర పట్టి ఒకే దెబ్బను మరల మరల సాధించువానికి అవి లభించినట్లే. మూడవది దుర్లభము. కఠినమైన బంతికి వంగి, కోణమును కొలిచి, ఊపిరి నిలిపి కొట్టినవాడే, గుంట యంచుననున్న దానిని అలక్ష్యముగా తాకి పోగొట్టుకొనును. (చేతకానితనముకంటె ఈ యలక్ష్యమే ఎక్కువ ఆటలను ఓడించినదని నా యనుమానము.)

ఇక పతంజలి అభ్యాసమునకు జతగా చెప్పిన వైరాగ్యము. కర్ర తాకిన పిమ్మట ఏ సంకల్పమును బంతిని మరలింపజాలదు. ఆటగాని యధికారము అచ్చటనే ముగియును గనుక ఫలాసక్తిని విడువుమనుట సులభమే. కాని తెల్లబంతి తదుపరి ఎచ్చట నిలువవలెనో ముందుగా తలపోయనివాడు రెండవ బంతిని వేయుట యదృష్టాధీనము. ఈ ముందుచూపు ఫలాపేక్షయే యని కొందరనవచ్చును. నేను దానిని కర్మలోని భాగముగనే యెంచుదును, ఏలయన అది చేయి కదలక పూర్వమే ముగియు పని.