ముత్తవ్వ పేరు పక్కన ఖాళీ

మీ ముత్తాతగారి పేరు మీకు తెలుసా? మరి ఆయన భార్య పేరు? చాలా ఇండ్లలో మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, రెండవదానికి దొరకదు.

పూర్వం ఈ లెక్కలు మన కోసం ఇతరులు ఉంచేవారు. తెలుగు రైతు కుటుంబాల వంశాలు చెప్పడానికి పిచ్చిగుంట్లవారు వచ్చేవారు. ఆ పేరులో చిన్నచూపు ఉందని వారిని నేడు వంశరాజ్ అంటున్నారు. కన్నడ కుటుంబాలకు హెళవరు, మాదిగలకు డక్కలివారు ఉండేవారు. అగళి, మడకశిర వంటి రెండు భాషల సీమలో ఈ సంగతి వింతేమీ కాదు. గోత్రం, వంశం పాడి, గింజలు పుచ్చుకొని పోయేవారు. గింజలిచ్చే ఇంటి ముందు ఆ ఇంటి అవమానాన్ని ఎవరు పాడతారు?

1800లో ఈ సీమ కుంపిణీ చేతికి వచ్చిన తరువాత కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా కరణాలను అడిగి కైఫీయతులు సేకరించారు. పాళెగాళ్లు, గుడులు, మాన్యాలు, చెరువులు అందులో ఉంటాయి. చెరువు కట్టకు మట్టి మోసిన మనిషి పేరు కోసం మాత్రం వేరే చోట వెదకాలి.

ఇంగ్లాండులో ఆ వేరే చోటు విచారణ పుస్తకమే. 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్వెల్ ప్రతి విచారణలోనూ జ్ఞానస్నానాలు, వివాహాలు, సమాధులు రాసి ఉంచాలని ఆజ్ఞాపించాడు. అందుచేత అక్కడి కూలివాని మనుమడు కూడా కొన్ని తరాల వెనక్కు పోగలడు. మన శ్రీసభలో 1563లో త్రెంతు మహాసభ ఇటువంటి నియమమే చేసింది. మన దేవాలయాల్లోని జ్ఞానస్నాన పుస్తకం ఆ నియమం బిడ్డే. ఊరి పెద్ద కొడుక్కీ ఒక వరుసే, జీతగాని కూతురికీ ఒక వరుసే. (పాత పుస్తకాలు లతీనులో ఉంటే రాయప్ప కోసం వెదకకండి, పెత్రుస్ అని చూడండి. చిన్నప్పగారు పౌలుస్ అయి ఉంటారు.)

ఇక చిక్కు ఎక్కడంటే, ఆ పుస్తకం పొగడదు. ఒక యువకుడు వంశవృక్షం రాద్దామని దాన్ని తెరిచాడనుకోండి. 1876–78 ధాతు కరువు నాటి పుటలో తన ముత్తవ్వ పేరు కనిపించింది. తల్లిదండ్రుల పేర్లు ఉండవలసిన చోట ఖాళీ. అనాథ బిడ్డ. ఏ కులమో, ఏ ఊరో తెలియదు. ఇంట్లో చెల్లెలికి సంబంధం చూస్తున్నారు. "ఇప్పుడెందుకురా అవన్నీ, మూసెయ్" అంటుంది మేనత్త.

మేనత్త మాటను తేలికగా తీసివేయకండి. బ్రతికి ఉన్నవారి పరువు కూడా ఒక సత్యమే. 1983 నాటి శ్రీసభ చట్టం 877వ నియమం ప్రకారం, పెండ్లికాని తల్లి పేరును ఆమె మాతృత్వం బహిరంగంగా తెలిసి ఉంటేనో, ఆమె తానుగా కోరితేనో జ్ఞానస్నాన పుస్తకంలో రాయాలి. ఇంగ్లాండులో జనాభా లెక్కల కాగితాలను నూరేండ్లు మూసి ఉంచుతారు. 1921 నాటివి 2022లోగాని తెరువలేదు. కాబట్టి పెండ్లి పందిట్లో ఆ యువకుడు చాటించనక్కరలేదు.

అయితే మౌనం వేరు, ఆ ఖాళీలో ఒక గొప్ప ఇంటిపేరు రాయడం వేరు. ఈ రెండవ పని నేడు చాలా జరుగుతోంది. ముత్తాత ఫలానా పాళెగాని వంశమనీ, ఫలానా అగ్రకులమనీ పుస్తకాలు అచ్చువేయిస్తున్నారు. వంశావళుల పిచ్చి గురించి పునీత పౌలుగారు తిమోతికి రాసిన హెచ్చరిక ఇటువంటివారికి సరిపోతుంది. కరువు ఆ పసిబిడ్డ తల్లిదండ్రులను తీసుకుపోయింది. మనం ఆమెనే తీసివేస్తున్నాం. మత్తయి సువార్తికుడు ప్రభువు వంశావళిలో తామారును, రాహాబును, మోవాబు స్త్రీ రూతును, ఊరియా భార్యను రాశాడు. దాచదలచుకుంటే ఆ నలుగురిని దాచడం ఆయనకు ఎంత సులభం!

ఆ యువకుడు ఉన్నది ఉన్నట్లు నోటుబుక్కులో రాసుకోవాలి, ఖాళీని ఖాళీగానే. అలాగే పక్క గడి కూడా చూడాలి. అక్కడ జ్ఞానతల్లి పేరు ఉంటుంది. కరువులో తన కడుపే నిండని ఒకామె ఎవరి బిడ్డో తెలియని బిడ్డకు జామీనుగా నిలబడింది. ఆమె ఎవరో, ఆమె వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో మేనత్తకు తెలిసి ఉండవచ్చు. ఆ మాట అడగడానికి ఆమె కోపగించుకోదు.