పోయేదేముంది?

కేన్సర్ అని తెలిసిన ఇంటికి వారం తిరక్కుండా లక్ష్మణఫలం కబురు వచ్చేస్తుంది. "కీమో కంటే 10,000 రెట్లు బలమైనది, మందుల కంపెనీలు దాచేశాయి" అని. సీతాఫలానికి వరసకు మరిది కదా, మనవాళ్లకి కాస్త అభిమానం ఎక్కువే ఉంటుందేమో.

తమాషా ఏమిటంటే ఆ 10,000 అబద్ధం కాదు. అమెరికాలో పర్‌డ్యూ యూనివర్సిటీ వాళ్లు ఈ చెట్టు గింజల్లోంచి తీసిన ఒక పదార్థం, పెద్దపేగు కేన్సర్ కణాల మీద ఎడ్రియామైసిన్ అనే మందు కంటే అన్ని రెట్లు తీవ్రంగా పనిచేసిందని 1996లో అచ్చువేశారు. దాచిందేమీ లేదు. కానీ అది గింజలోది, మనం తాగేది గుజ్జు. పోల్చింది ఒక్క మందుతో. పనిచేసింది గాజుపాత్రలో. గాజుపాత్రలో కణాల్ని చంపడానికి బ్లీచింగ్ పౌడర్ నీళ్లయినా చాలు. పక్కనున్న మంచి కణాన్ని బతికించడంలోనే ఉంది కష్టమంతా. "నా లాప్‌టాప్‌లో నడుస్తోంది" అన్న మాటకి మా ఆఫీసులో ఎంత విలువో దీనికీ అంతే.

ఇక బతికినవాళ్ల సాక్ష్యం. 2024 నవంబరులో నవజ్యోత్ సింగ్ సిద్ధు తన భార్య కోలుకోవడం గురించి చెబుతూ నిమ్మరసం, పచ్చిపసుపు, వేపాకుల్ని తెగ మెచ్చుకున్నారు. ఆవిడకి ఆపరేషన్, కీమో కూడా జరిగాయి. టాటా మెమోరియల్‌కి చెందిన 262 మంది కేన్సర్ డాక్టర్లు ఆ మాటలు నమ్మొద్దని ప్రకటన ఇవ్వాల్సొచ్చింది. అదే పథ్యం చేసి పోయినవాళ్లు ప్రెస్ మీట్ పెట్టరు.

"పండే కదా, పోయేదేముంది?" అంటారు. యేల్ పరిశోధకులు 2018లో దీనికి లెక్క చూపించారు. కేన్సర్ ఇతర భాగాలకి పాకకముందే తెలిసినా, వైద్యం వదిలి ప్రత్యామ్నాయాలే నమ్ముకున్న 281 మందిలో చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము కేన్సర్‌లో అయితే అయిదు రెట్ల పైనే. పోయేది ఆ మొదటి నెలలు.

పంపినవాళ్లది ప్రేమే, కాదనను. కానీ మాట తప్పయితే వాళ్లకి పోయేదేమీ లేదు. నమ్మినవాళ్లకి రెండో అవకాశం ఉండదు. ఇంత తేడా ఉన్నచోట, చదివి చూసే శ్రమ కూడా పడకుండా పంపడాన్ని మంచితనం అనలేను. "ఆశ మీద నీళ్లు చల్లకు" అన్న వాదనా నాకు రుచించదు. ఆశ రోగిది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తేల్చుకోవడానికి ఆ మనిషికి నిజం కావాలి.

డాక్టర్లు ఇక చేసేదేం లేదన్నాక ఎవరైనా పెద్దాయన ఆ రసం తాగుతానంటే మాత్రం నేను వాదించను. డాక్టరుకి చెప్పారా అని ఒక్కమాట అడుగుతానంతే.