మొహమాటాన్ని ఓడ ఎక్కించొద్దు

జూపాడు బంగ్లా

పాపా,

నువ్వు ఫోను చేసిన రోజు నుంచి మీ నాయన కనపడిన ప్రతి ఒక్కరికీ అలాస్కా కథే చెబుతున్నాడు. బస్టాండులో అడిగినవాళ్లకూ చెబుతున్నాడు, అడగనివాళ్లకూ చెబుతున్నాడు. ఓడలో ఈతకొలను ఉంటుందంట, నాటకాలాడే హాలు ఉంటుందంట, మంచుకొండ పక్కనే నిలబడి కాఫీ తాగొచ్చంట. మీ అమ్మ మాత్రం అవునని అనదు, కాదని అనదు. నేను ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం అదే.

నువ్వు తలపెట్టింది మంచి పని. అమ్మానాన్నలను అమెరికా పిలిపించుకుని ఆరు నెలలు అపార్టుమెంటులో టీవీ ముందు కూర్చోబెట్టి పంపే పిల్లలు మన చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్లకంటే ఏడు రాత్రులు ఓడలో తిప్పాలనుకున్న నువ్వు చాలా నయం. వద్దని చెప్పడానికి నేను పెన్ను పట్టుకోలేదు. ఎక్కేముందు అడగాల్సినవన్నీ సిగ్గుపడకుండా అడగమని చెప్పడానికే రాస్తున్నా.

మనవాళ్లకు పడవలు కొత్తేమీ కాదు. మన కేసీ కెనాలును 1860ల్లో మద్రాసు కంపెనీ తవ్వించింది పొలాలకు నీళ్ల కోసమే కాదు, కర్నూలు నుంచి కడప దాకా పడవలు నడపడానికి కూడా. కంపెనీకి అది గిట్టుబాటు కాలేదు, 1882లో ప్రభుత్వం తీసుకుంది. శ్రీశైలం డ్యాం కట్టాక నీళ్లు మన పోతిరెడ్డిపాడు దాకా వచ్చి నిలిచాయి. సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉంటుంది. అటు పోవాలంటే పుట్టో, ఇంజను పడవో ఎక్కాల్సిందే. ఇన్నాళ్లుగా నీళ్ల పక్కన బతుకుతున్నా మనకు ఒక్క గుణం పోలేదు. పడవ ఎక్కేటప్పుడు నోరు విప్పం. ఇందులో ఎంతమంది పడతారని అడిగితే అపశకునం. లైఫ్ జాకెట్ కావాలంటే పిరికివాడు. ముందే జనం నిండిన పడవలోకి ఇంకో నలుగురిని ఎక్కించుకుంటుంటే, తెలిసినవాళ్లే కదా, కాదంటే బాగుండదని జరిగి చోటిస్తాం.

2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి పదుల మంది పోయారు. మనకు ఎంతో దూరం కాదు, ఎదుటి ఒడ్డే. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో తిరగబడింది. అందులో ఉన్న 77 మందిలో బయటపడింది 26 మందే. గోదావరి వరద మీద ఉన్న రోజు అది. ఆదివారం, కుటుంబాలతో వచ్చారు, డబ్బు కట్టేశారు. వెనక్కి పోదామని ఎవరికైనా అనిపించినా పైకి ఎలా అంటారు? బోటు నడిపినవాళ్ల తప్పును, అనుమతి ఇచ్చినవాళ్ల తప్పును నేను తక్కువ చేయడం లేదు. కానీ మనచేత నోరు మూయించే ఆ మొహమాటం ఉందే, అది ఊరి పడవలోనూ ఎక్కుతుంది, వేల మంది పట్టే ఓడలోనూ ఎక్కుతుంది.

పెద్ద ఓడకు ఆ భయం లేదని నువ్వంటావు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా బండకు కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందల మందికి ప్రమాదం వస్తే ఎక్కడ గుమిగూడాలో చూపించే డ్రిల్లు ఇంకా జరగనే లేదు, మర్నాటికి పెట్టుకున్నారు. ఆ తరువాతే ఓడ రేవు వదలకముందే డ్రిల్లు జరిపే పద్ధతి గట్టిపడింది. మొదటిరోజు మీ నాయన బఫే దగ్గర ఉంటాడు, మీ అమ్మ కాళ్లు గుంజుతున్నాయని పడుకుంటుంది. పెద్దవాళ్లను ఎందుకు కదిలించాలని ఊరుకోకు. ఇద్దరినీ లేపి, వాళ్ల గుంపు చేరే చోటికి నడిపించి చూపించు.

ఇక డబ్బు సంగతి. మీరు నాలుగు కుటుంబాలు కలిసి పోతున్నారని మీ నాయన చెప్పాడు. అక్కడే గొడవంతా మొదలవుతుంది. స్నేహితుల మధ్య లెక్కలు మాట్లాడటం మనకు చేతకాదు, ఎవరో ఒకరు కార్డు గీకేస్తారు, మిగతావాళ్లు తరువాత చూద్దాంలే అంటారు, ఆ తరువాత అనేది ఏళ్లు గడిచినా రాదు. ప్రకటనలో కనిపించే ధర కిటికీ లేని లోపలి గదికి, మనిషికి ఇంత అని వేసినది. దాని మీద పన్నులు, రేవుల రుసుములు ఉంటాయి. పనివాళ్లకు ఇచ్చే టిప్పు చాలా కంపెనీలు బిల్లులోనే కలుపుతాయి. మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా అనుకుంటే, మీ ఇంటి నలుగురికి ఏడు రోజులకు అటూ ఇటూగా 500 డాలర్లు. ఇంటర్నెట్టుకు వేరే, రేవులో దిగి తిరగడానికి వేరే. బాల్కనీ గదికి ఇంకా ఎక్కువ. నన్నడిగితే పెద్దవాళ్లతో పోయేటప్పుడు డబ్బు పెట్టాల్సింది ఆ గదికే. చలిగాలిలో పై డెక్కు మీద గంటలు నిలబడే ఓపిక వాళ్లకు ఉండదు, గదిలోంచే గ్లేసియర్ కనిపించాలి. హెలికాప్టరులో మంచు మీద దిగడం లాంటివి ఎవరి ఇష్టం వాళ్లకు వదిలెయ్యి, అందరికీ కలిపి కట్టకు. మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాసి నాలుగు ఇళ్లకూ ఒకేసారి పంపు. మాకు ఇంత కుదరదని ఎవరైనా అంటే వాళ్లను పిసినారులనుకోకు. కుదరకపోయినా కుదురుతుందని తలూపి, తరువాత అప్పు చేసి వచ్చేవాళ్లతోనే ప్రయాణం చెడుతుంది.

చాలా కంపెనీలు ముందు డిపాజిట్ కట్టించుకుని, మిగతాది ఓడ బయలుదేరడానికి మూడు నెలల ముందు అడుగుతాయి. ఆ తేదీ దాటాక మానుకుంటే పోయే డబ్బు రోజురోజుకూ పెరుగుతుంది. డిపాజిట్టులో కూడా వెనక్కి ఇచ్చే రకం, ఇవ్వని రకం రెండూ ఉంటాయి. చవకని రెండోదాని మీద చెయ్యి వేసేముందు మీ అమ్మానాన్నల వీసా సంగతి తేల్చుకో.

ఆ వీసా విషయంలోనే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటున్నారు. సియాటిల్లో ఎక్కి సియాటిల్లోనే దిగుతాం, అలాస్కా కూడా అమెరికానే, ఇంక వేరే వీసా ఎందుకనుకుంటారు. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. వేరే దేశం జెండా ఉన్న ఓడ ఒక్క అమెరికా రేవుల మధ్యనే జనాన్ని తిప్పి తీసుకురాకూడదు, దారిలో పరాయి దేశపు రేవు ఒకటి తగలాలి. ఈ పెద్ద ఓడల్లో దాదాపు అన్నీ పరాయి జెండాలవే. అందుకే సియాటిల్ ఓడలు చాలావరకు కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలైనా ఆగుతాయి. ఇండియా పాస్‌పోర్టు మీద, విజిటర్ వీసాతో వచ్చిన మీ అమ్మానాన్నలకు కెనడా వీసా ఉండాలి. ఓడ దిగకుండా గదిలోనే కూర్చుంటామన్నా కుదరదు, సియాటిల్ రేవులోనే ఎక్కనివ్వరు. అందరి ముందు మీ నాయన బ్యాగు పట్టుకుని వెనక్కి తిరగడం ఊహించుకో. నీ హెచ్1బి వీసా స్టాంపింగు సంగతి కూడా మీ ఆఫీసు లాయరును అడుగు. ఆయన విసుక్కున్నా ఫరవాలేదు, జీతం ఇచ్చేది అందుకే.

ఎప్పుడు పోవాలని అడిగావు. అలాస్కాలో ఓడలు ఏప్రిల్ చివర నుంచి అక్టోబరు దాకానే తిరుగుతాయి. మే నెలలో వాన తక్కువ, ధర తక్కువ, చలి ఎక్కువ. జూన్, జూలైల్లో అక్కడి జూనో రేవులో రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది, తిమింగలాలు కూడా బాగా కనిపిస్తాయి. కెచికాన్ రేవులో మాత్రం ఏ నెలలో పోయినా వాన తప్పదు, గొడుగు సాలదు, వానకోటే కావాలి. నేనైతే జూన్ మొదటి వారాలు చూడమంటా. మన ఎండల్లోంచి నేరుగా చలిలోకి దించకుండా, వాళ్లను ముందుగా మీ ఊరికి రప్పించి కొన్నాళ్లు అలవాటు చెయ్యి.

తిండి గురించి మీ అమ్మ నిన్ను అడగదు, నేను అడుగుతున్నా. సోమ, శనివారాలు ఆమె నీసు ముట్టదని నీకు తెలుసు. ఓడవాళ్లకు బుక్ చేసేటప్పుడే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించు, ఎక్కిన రోజు హోటల్ మేనేజరుకు మళ్లీ చెప్పు. ముందురోజు చెబితే పప్పు, కూర వండిపెట్టే ఓడలు చాలా ఉన్నాయి. రైస్ కుక్కరు మాత్రం పెట్టెలో దాచి తీసుకుపోవద్దు. వేడి పుట్టించే వస్తువులు గదుల్లో నిషేధం, సముద్రం మధ్యలో నిప్పు అంటుకుంటే ఎక్కడికి పరుగెత్తాలి? ఇంట్లో పెట్టిన ఊరగాయ కూడా తీసుకుపోవద్దు. సీలు వేసిన ప్యాకెట్లకు సాధారణంగా అడ్డు చెప్పరు.

మీ నాయనకు షుగరు ఉందని నీకు తెలుసు. మోకాళ్లు ఎంత అరిగిపోయాయో నీకు తెలియదు. నీతో వీడియోలో మాట్లాడేటప్పుడు లేచి నడవడు, కుర్చీలో కూర్చునే మాట్లాడతాడు, గమనించావా? కూతురు ఉత్సాహం చెడగొట్టకూడదని ఆయన మొహమాటం. ఖర్చు ఎంతో అడిగితే బిడ్డ నొచ్చుకుంటుందని మీ అమ్మ మొహమాటం. నువ్వే అడుగు. వస్తారా అని కాదు, ఆ మాటకు వాళ్లు ఎప్పుడూ వస్తామనే అంటారు. ఎంత దూరం నడవగలరు, మెట్లు ఎక్కగలరా, నీళ్ల మీద తల తిరుగుతుందా, ఇలా ఒక్కొక్కటీ అడుగు. ఓడలో డాక్టరు ఉంటాడు కానీ బిల్లు మామూలుగా ఉండదు. గుండె నొప్పో మరొకటో వచ్చి హెలికాప్టరులో ఒడ్డుకు చేర్చాల్సి వస్తే నీ ఏడాది పొదుపు సాలదు. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు ఉన్న జబ్బులన్నీ నిజంగా రాయించు. కిస్తీ తక్కువ పడుతుందని షుగరు దాస్తే, అవసరమైన రోజున ఒక్క డాలరు రాదు. మందులు చేతిసంచిలోనే ఉండాలి, ఓడవాళ్లు తీసుకుపోయే పెద్ద పెట్టెలో కాదు.

ఏ గ్లేసియర్ చూపిస్తారో కూడా చూసుకుని బుక్ చెయ్యి. గ్లేసియర్ బే అనేది నేషనల్ పార్కు. అక్కడికి రోజుకు రెండు పెద్ద ఓడలనే రానిస్తారు. అన్ని కంపెనీలకూ ఆ అనుమతి ఉండదు. జూనోవాళ్లు కూడా ఓడల తాకిడి భరించలేక 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి వద్దన్నారు. వాళ్ల ఊరు కదా, వాళ్లకు అడిగే హక్కు ఉంది.

గ్లేసియర్ బే ఒకప్పుడు హూనా క్లింగిట్ జనం ఊళ్లు ఉన్న లోయ. పద్దెనిమిదో శతాబ్దంలో గ్లేసియర్ ముందుకు జరిగి ఆ ఊళ్లను మింగేస్తే, వాళ్లు హూనా అనే చోటికి పోయి బతికారు. తరువాత మంచు వెనక్కి పోయింది, లోయలోకి సముద్రం వచ్చింది. శ్రీశైలం నీళ్లలో వంద దాకా ఊళ్లు మునిగిపోయాయి, ఆ ఊళ్లవాళ్లు మనతో కలిసి బతికారు. ఇలాంటి కథ మనకు అర్థం కావడానికి పుస్తకం అక్కర్లేదు. మీ ఓడ ఐసీ స్ట్రెయిట్ పాయింటులో ఆగితే, అది ఆ హూనా జనానిదే. అక్కడ పనిచేసేవాళ్లతో ఫోటోలు దిగి వచ్చెయ్యకుండా, మీ పెద్దలు ఎక్కడివాళ్లని అడుగు. మీ నాయనను కూడా అడగనివ్వు. భాష రాకపోయినా మునక ఊళ్ల గురించి ఆయన చెప్పగలడు, నువ్వు తర్జుమా చెయ్యి.

ఓడలో మీ గది శుభ్రం చేసేవాడు ఫిలిప్పీన్సు నుంచో, గోవా నుంచో ఇల్లు వదిలి నెలలుగా పనిచేస్తుంటాడు. బిల్లులో టిప్పు తీసేయించుకోవచ్చని ఎవరో చెప్పారని అలా చేయకు. మనవాళ్లలో కొందరు దాన్ని తెలివి అనుకుంటారు.

ఆదివారం మీ నాయనను నంద్యాల ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నా. ఆయన ఏమంటాడో విన్నాక ఫోను చేస్తా. అప్పటిదాకా డిపాజిట్ కట్టకు. కెనడా వీసా ఫారాల కోసం వాళ్ల పాత పాస్‌పోర్టులు కూడా వెతికి పెట్టమని మీ అమ్మకు చెప్పాను. ఒకటి దొరికింది, రెండోది పెట్టెల్లో చూస్తోంది.

మీ పెద్దనాయన