ఎవరి కొలతకు మన కుమార్తెలు?

వాక్యభాగములు: యెషయా 44:13, కీర్తనలు 139:13-16



ఈ మాసము మన సంఘములలోని ఆడపిల్లలను గూర్చియు, వారు ఆడుకొను బొమ్మలను గూర్చియు మీతో కొన్ని మాటలు పంచుకొనగోరుచున్నాము. బొమ్మలను గూర్చి ప్రసంగమేమిటని కొందరు అనుకొనవచ్చును. అయితే యెషయా ప్రవక్త ప్రతిమను చేయు వడ్రంగిని గూర్చి ఎంతో వివరముగా చెప్పియున్నాడు. ఆ వడ్రంగి నూలు పట్టి కొలుచును, గీత గీయును, చెక్కును, చివరకు అందమైన మనిషి ఆకారమును ఇంటిలో నిలుపును. అక్కడ కొలత మనిషిది. ప్రతిమ ఆ కొలతకు తగినట్లు చేయబడినది. మన కాలములో ఇది తలక్రిందులైనది. కొలత బొమ్మది, మన బిడ్డలు ఆ కొలతకు తగినట్లు కావలెనని తహతహలాడుచున్నారు.

మన అమ్మమ్మల కాలములో ఆడపిల్లలకు లక్కపిడతలు, గుడ్డబొమ్మలు ఉండెడివి. గుడ్డబొమ్మను ఒడిలో వేసుకొని జోలపాడు పిల్ల తాను తల్లి, బొమ్మ బిడ్డ. అమెరికా దేశములోను ఎక్కువ బొమ్మలు పసిబిడ్డ రూపములోనే ఉండెడివి. రూత్ హ్యాండ్లర్ అను ఆమె, తన కుమార్తె బార్బరా కాగితపు బొమ్మలకు పెద్దవారి పాత్రలిచ్చి ఆడుకొనుట చూచి, ఎదిగిన స్త్రీ రూపముగల బొమ్మను చేయించినది. జర్మనీలో అమ్ముచుండిన లిల్లీ అను బొమ్మ దానికి మాదిరి. 1959 మార్చి 9న న్యూయార్కు నగరములోని బొమ్మల ప్రదర్శనలో మాటెల్ కంపెనీ దానిని బార్బీ అను పేరుతో బయటపెట్టినది. దాని ఎత్తు 11½ అంగుళములే. కాని ఆ దినము నుండి ఆటలో ఒక పెద్ద మార్పు వచ్చినది. పిల్ల ఇక తల్లి కాదు. నీవు పెద్దదానవైతే ఇట్లుండవలెనని బొమ్మయే పిల్లకు చూపు అద్దమైనది.

ఆ అద్దము ఏమి చూపినది? 1963లో ఆ బొమ్మతో వచ్చిన ఒక సామానుల పెట్టెలో బరువు తగ్గుటను గూర్చిన చిన్న పుస్తకమొకటి ఉండెను. దానిలోని సలహా అంతయు ఒక్కటే: తినవద్దని. 1965లో మరియొక పెట్టెలో బరువు తూచు యంత్రమును కూడ పెట్టిరి. దానిమీద ముల్లు 110 పౌండ్ల వద్ద, అనగా సుమారు 50 కిలోల వద్ద, కదలకుండ నిలిచి యుండెను. ఆడుకొను పసిదానికి ఇది ఎట్టి పాఠమో ఆలోచించుడి.

1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆ బొమ్మను మనిషి ఎత్తుకు పెంచి లెక్కించి చూచిరి. అట్టి శరీరము గల స్త్రీ సుమారు లక్షమందిలో ఒకతె కూడ దొరకుట కష్టమని తేలినది. 2006లో ఇంగ్లాండులో 5 నుండి 8 యేండ్ల ఆడపిల్లలు 162 మందికి చిత్రముల పుస్తకములు చూపిరి. కొందరికి బార్బీ చిత్రములు, కొందరికి నిండుగా ఉన్న బొమ్మ చిత్రములు, మరికొందరికి బొమ్మలు లేని చిత్రములు. బార్బీని చూచిన చిన్నపిల్లలలో తమ శరీరము మీద అసంతృప్తియు, ఇంకను సన్నబడవలెనన్న కోరికయు హెచ్చెను. అందరికంటె పెద్దపిల్లలలో మాత్రము ఆ వెంటనే కలుగు మార్పు కనబడలేదు. ఆ వయస్సుకే ఆ ఆశ లోపల నాటుకొని యుండవచ్చునని పరిశోధకులు తలంచిరి. ప్రియులారా, అయిదేండ్ల బిడ్డ! మన సండే స్కూలులో ఇంకను బంగారు వాక్యము అప్పజెప్పుట నేర్చుకొనుచున్న బిడ్డ!

న్యాయముగా మరియొక మాట చెప్పవలెను. ఆ బొమ్మకే 1965లో వ్యోమగామి దుస్తులును, 1973లో డాక్టరు దుస్తులును వేసిరి. ఆడపిల్ల ఏమైనను కాగలదని అది చూపినది. 2016లో కంపెనీవారు పొడుగు, పొట్టి, నిండైన శరీరముగల మూడు క్రొత్త ఆకారములను కూడ తెచ్చిరి. దానిని సృజించిన రూత్ హ్యాండ్లర్‌కు 1970లో రొమ్ము క్యాన్సరు వలన శస్త్రచికిత్స జరిగెను. తరువాత ఆమె తనవంటి స్త్రీల కొరకు కృత్రిమ రొమ్ములను తయారుచేయు పరిశ్రమను స్థాపించి, ఆ పనివలన అనేకులకు ఆదరణగా ఉండెను. ఏ కొరతయు లేని బొమ్మను చేసిన ఆమెయే, గాయపడిన నిజమైన దేహమునకు ఏమి కావలెనో తన బాధలో తెలిసికొన్నది. కావున బొమ్మను నిప్పులో వేయుడని మేము చెప్పుట లేదు. బొమ్మను కొన్నంత మాత్రమున పాపమనియు చెప్పుట లేదు. మా ప్రశ్న వేరు: కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నది?

మన యిండ్లలో అనేకులు ఆ బొమ్మను కొననే లేదు. అయినను కొలత మన యింటిలోనికి వచ్చినది. "ఇంత నల్లగా ఉంటే నిన్నెవరు చేసుకుంటారే?" అని అన్నది బొమ్మ కాదు, మేనత్త. "అక్క సన్నగా ఉంది, నువ్వే బండగా తయారవుతున్నావు" అని అన్నది బొమ్మ కాదు, తండ్రి. 1975లో మన దేశపు బజారులోనికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్‌లీ క్రీము 2020లో తన పేరులో నుండి తెలుపు అను మాటను తీసివేసినది. మన పెండ్లిచూపులలో నుండి ఆ మాట ఎప్పుడు పోవును?

మన బిడ్డలకు ఇంకొక భారము కూడ ఉన్నది. కర్ణాటకలోను, తమిళనాడులోను, ఒడిశాలోను, మహారాష్ట్రలోను, యానాములోను పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలు బడిలో తమ మాటతీరును బట్టి, ఇంటిపేరును బట్టి, తిండిని బట్టి ఇదివరకే కొలువబడుచున్నారు. ఇంటికి వచ్చిన తరువాతనైనను కొలతలేని చోటొకటి వారికి ఉండవద్దా? ఆ చోటు మన యిల్లు, మన సంఘము కావలెను గదా!

ఈ విషయమై వాక్యము మనకు మూడు సంగతులు నేర్పుచున్నది.

మొదటిది, మనలను నిర్మించినవాడు దేవుడు. తల్లి గర్భములో తన్ను అల్లినవాడు ప్రభువేయని 139వ కీర్తనలో భక్తుడు ఆశ్చర్యపడి స్తుతించుచున్నాడు. దర్జీ టేపు పెట్టి మనిషికి తగినట్లు గుడ్డను కత్తిరించును గాని, గుడ్డకు తగినట్లు మనిషిని కత్తిరించడు. దేవుడు నిర్మించిన దేహమును లోకపు గుడ్డకు తగినట్లు కత్తిరించుట మనకు తగదు.

రెండవది, దేవుని చూపు వేరు. సమూయేలు బేత్లెహేములో ఏలీయాబు ఎత్తును చూచి, ఇతడే రాజు అనుకొనెను. ప్రవక్త కన్నే మోసపోగా, మన కన్ను ఎంత! మనుష్యులు పైరూపమును చూతురు గాని దేవుడు హృదయమును చూచునని ఆ దినమున ప్రభువు అతనికి నేర్పెను. పరమగీతములోని యువతి ఎండకు నల్లబడినదై యుండియు సిగ్గుపడక, తన అందమును తానే యెరూషలేము కుమార్తెలకు చెప్పుకొన్నది.

మూడవది, మహిమ శరీరమునకును మచ్చలున్నవి. పునరుత్థానుడైన ప్రభువు తోమాకు చూపినది గాయపు గుర్తులున్న చేతులను. ఆయన వాటిని తుడిచివేయలేదు, దాచుకొనలేదు. కాన్పు గీతలున్న తల్లియు, కాలిన మచ్చగల బిడ్డయు, శస్త్రచికిత్స జరిగిన సహోదరియు ఆయన యెదుట తల ఎత్తుకొని నిలువవచ్చును.

కాబట్టి తల్లులారా, అద్దము ముందు నిలిచి మీ దేహమును మీరే తిట్టుకొనవద్దు; ప్రక్కన నిలిచిన కుమార్తె వినుచున్నది. తండ్రులారా, భోజనపు బల్లయొద్ద బిడ్డ లావును గూర్చి హాస్యమాడవద్దు. సండే స్కూలు ఉపాధ్యాయులారా, క్రిస్మసు నాటకములో ప్రతి సంవత్సరము తెల్లని పిల్లకే మరియమ్మ పాత్ర ఇయ్యవద్దు. యౌవనస్థులారా, తోటి సహోదరి రూపమును గూర్చి మీరు విసరిన మాట మీరు మరచినను ఆమె మరువదు. ఉపవాస ప్రార్థనయని చెప్పి తరచుగా అన్నము మానుచున్న బిడ్డ ప్రభువు కొరకు మానినదా, అద్దము కొరకు మానినదా అని తల్లి నెమ్మదిగా కనుగొనవలెను. అద్దము కొరకైతే, లేక తిన్నది రహస్యముగా కక్కుచున్నయెడల, గద్దింపక వెంటనే డాక్టరు వద్దకు తీసికొనిపొండి. అది మొండితనము కాదు, ప్రాణము తీయగల వ్యాధి. ప్రార్థనయు వైద్యమును కలిసి నడువనియ్యుడి.

బొమ్మను చేసినవారు 57 యేండ్లకు దాని కొలత మార్చుకొనిరి. మన నోటి కొలతను మార్చుకొనుటకు మనకు అన్ని యేండ్లు అక్కరలేదు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘములోని ఒక ఆడపిల్లను పేరుపెట్టి పిలిచి, ఆమె రంగును గూర్చియు బరువును గూర్చియు కాక, ఆమె చేసిన ఒక మంచి పనిని గూర్చి మాటలాడుడి.

మన కుమార్తెలను తన హస్తములతో నిర్మించిన దేవుడు, ఆ నిర్మాణమును ఆయన కన్నులతో చూచు కృపను మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.