తలుపు వెనుక ఉన్నవాని హక్కు

అంటువ్యాధి గురించి దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) చేసిన ఉపదేశం మనలో చాలామందికి తెలిసిందే. ఒక ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని వింటే అక్కడికి వెళ్లకూడదు. మనమున్న చోటే అది వ్యాపిస్తే అక్కడి నుండి పారిపోకూడదు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇది మింబర్ల మీద నుండి, ఫోన్లలోనుండి, పత్రికల్లోనుండి పదే పదే వినిపించింది. అయితే చాలామంది దీన్ని ఒక నిషేధంగా మాత్రమే విన్నారు. ఈ నిషేధంలో ఒక హక్కు కూడా ఇమిడి ఉంది. ఈ వ్యాసంలో దాని గురించే మేము మనవి చేయదలిచాము.

కాస్త ఆలోచించండి. వ్యాధి ఉన్న ఊళ్లో ఆరోగ్యంగా ఉన్న మనిషికి పారిపోవాలనిపించడం సహజం. అయినా అతను ఆగిపోతాడు. తన వల్ల పక్క ఊరికి కీడు జరగకూడదని ఆగిపోతాడు. తాను ఎన్నడూ చూడని మనుషుల కోసం తన ప్రాణాన్ని ప్రమాదంలో పెట్టుకుంటాడు. అందుకే, అల్లాహ్ వ్రాసిపెట్టినదే తనకు జరుగుతుందన్న నమ్మకంతో, ప్రతిఫలాపేక్షతో, సహనంగా అక్కడే ఉండిపోయిన వ్యక్తికి షహీద్‌కు లభించేంత పుణ్యం ఉందని దైవప్రవక్త (సల్లం) శుభవార్త ఇచ్చారు. హజ్రత్ ఆయిషా (రజి) దీన్ని ఉల్లేఖించారు. మరి ఇతరుల కోసం ఆగిపోయిన మనిషి పట్ల ఆ ఇతరుల బాధ్యత ఏమిటి? అతన్ని ఆకలితో వదిలేయవచ్చా? ఉన్న చోటి నుండి వెళ్లగొట్టవచ్చా?

అద్దె గదుల్లోని బిడ్డలు

హైదరాబాదులోని చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ ప్రాంతాలను ఎరిగినవారికి అక్కడి జీవితం తెలుసు. గ్రూప్స్ పరీక్షల కోసం, సివిల్స్ కోసం ఉభయ తెలుగు రాష్ట్రాల పల్లెల నుండి వేలాది యువతీ యువకులు వచ్చి అక్కడి గదుల్లో, హాస్టళ్లలో ఉంటారు. ఒక మంచం, ఒక పెట్టె, కొన్ని పుస్తకాలు వారి ఆస్తి. మెస్సులో భోజనం, కోచింగ్ సెంటరులో పాఠం. గదిలో చోటు చాలక చాలామంది చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దుపోయేదాకా చదువుకుంటారు. వారిలో మన బిడ్డలూ ఉన్నారు, ఇతర మతస్థుల బిడ్డలూ ఉన్నారు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. ఆ వెంటనే తెలంగాణలో లాక్‌డౌన్ మొదలైంది. మార్చి 25 నుండి, అంటే ఉగాది నాటి నుండి, దేశమంతా లాక్‌డౌన్ అమలయింది. కోచింగులు, గ్రంథాలయాలు, హోటళ్లు అన్నీ మూతపడ్డాయి. ఎక్కడివారు అక్కడే ఉండాలన్నది ఆదేశం. కాని సరిగ్గా ఆ రోజుల్లోనే నగరంలో అనేక హాస్టళ్ల యజమానులు, గదులు ఖాళీ చేయండి అన్నారు. వంటవాళ్లు రావడం లేదు, సరుకులు దొరకడం లేదు, ఒకరికి జబ్బు వస్తే అందరికీ అంటుకుంటుంది అన్నది వారి భయం. సామాన్లు భుజాన వేసుకున్న యువతీ యువకులు సొంత ఊళ్లకు వెళ్లే అనుమతి పత్రాల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. ఏ గుంపులు కూడకూడదని లాక్‌డౌన్ పెట్టారో ఆ గుంపులు అక్కడే కూడాయి. పత్రాలు చేతపట్టుకుని బయలుదేరినవారు ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో గరికపాడు దగ్గర ఆగిపోయారు. హాస్టళ్లను ఖాళీ చేయించకూడదని ఆ తర్వాత ప్రభుత్వం గట్టిగా చెప్పవలసి వచ్చింది.

ఉన్న చోటే ఉండమన్నారు. ఉండే చోటు లేకుండా చేశారు. వారి ఆవేదన అదే. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ప్రకటించింది. కాని అద్దె గదిలో ఉన్న పిల్లవాడి కార్డు ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. గదిలో పొయ్యి ఉండదు, మెస్సుకు తాళం పడింది. అతను ఎక్కడ తినాలి?

ఇక్కడ మన ధర్మశాస్త్ర పండితుల ఒక సూత్రాన్ని గుర్తుచేసుకోవాలి. ఏది లేనిదే ఒక విధి నెరవేరదో, అది కూడా విధే అవుతుంది. నమాజు విధి గనక వుజూ కూడా విధి అయింది. అలాగే కదలకుండా ఉండడం విధి అయినప్పుడు, ఆ ఉండేవాడికి నీడ, అన్నం సమకూర్చడం కూడా విధి అవుతుంది. ఎవరి మీద? ముందుగా ఆదేశమిచ్చిన పాలకుని మీద. ఆ తర్వాత గది అద్దెకిచ్చిన యజమాని మీద. ఆ తర్వాత ఇరుగు పొరుగు మీద. హాస్టలు యజమాని కూడా చాలాసార్లు భవనాన్ని అద్దెకు తీసుకున్నవాడే, అతనికీ కరెంటు బిల్లు ఉంటుంది. బరువంతా అతని ఒక్కని నెత్తిన పెట్టడం కూడా న్యాయం కాదు. అందుకే బాధ్యతను అందరూ పంచుకోవాలి. పొరుగువాడు పస్తులుంటే తాను కడుపునిండా తిన్నవాడు విశ్వాసి కాడని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. ఆ పొరుగువాడు ఏ మతస్థుడై ఉండాలో ఆయన షరతు పెట్టలేదు.

సహాబాల మధ్య చర్చ

నిబంధనల మీద వాదవివాదాలు మన కాలంలోనే పుట్టినవి కావు. హిజ్రీ 18 ప్రాంతంలో హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోటికి చేరుకున్నప్పుడు అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన ముహాజిర్లను పిలిచి సలహా అడిగారు. వారిలో భేదాభిప్రాయం వచ్చింది. అన్సార్లను అడిగారు. వారిలోనూ అంతే. చివరికి ఖురైషు పెద్దలను అడిగితే వారు వెనుదిరగమని ఏకాభిప్రాయంతో చెప్పారు. దైవ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అంతటివారు ఖలీఫాను నిలదీశారు. దైవ నిర్ణయం నుండి దైవ నిర్ణయం వైపుకే వెళుతున్నామని ఆయన బదులిచ్చారు. పచ్చిక ఉన్న గట్టు ఒకవైపు, ఎండిన గట్టు మరోవైపు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది దైవ నిర్ణయమే కదా అని ఉపమానం చెప్పారు. ఇంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ఈ వ్యాసం మొదట మేము పేర్కొన్న హదీసును వినిపించారు. చర్చ ముగిసింది.

గమనించండి, ఎవరూ ఎవరినీ పిరికివాడనలేదు, ద్రోహి అనలేదు. ఖలీఫా కూడా ప్రశ్నించినవారి మీద కేసు పెట్టలేదు. ఆయన వెనుదిరిగి వెళ్లి ఊరుకోనూ లేదు. అక్కడ చిక్కుకున్నవారిని పల్లపు నేల నుండి ఎత్తయిన, ఆరోగ్యకరమైన చోటికి మార్చమని అబూ ఉబైదా (రజి)కు లేఖ వ్రాశారని చరిత్రకారులు చెబుతారు. అబూ ఉబైదా (రజి) తన ప్రజలను వదిలి రాలేదు. ఆ వ్యాధిలోనే పరమపదించారు. తలుపు మూసిన పాలకుడు లోపల ఉన్నవారిని మరవలేదు, లోపల ఉన్న నాయకుడు తన వారిని విడవలేదు.

మద్యం దుకాణాలు, మస్జిదు తలుపులు

ఇక మన హృదయాలను బాగా నొప్పించిన విషయానికి వద్దాం. 2020 మే 6న తెలంగాణలో మద్యం దుకాణాలు తెరిచారు. అవి రమజాను రోజులు. తరావీహ్ నమాజులు ఇళ్లలోనే జరుగుతున్నాయి. మందు కోసం బారులు తీరవచ్చు గాని, నమాజు కోసం వరుసలో నిలబడకూడదా అని ఇంటింటా ప్రశ్న లేచింది. ప్రార్థనా స్థలాలు జూన్ 8న గాని తెరుచుకోలేదు. అప్పటికి మే 25న ఈద్ కూడా ఇళ్లలోనే గడిచిపోయింది. దీనికి తోడు, ఆ వసంతమంతా వ్యాధికి మన సమాజాన్నే కారణంగా చూపే ప్రచారం సాగింది. విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులను బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం 2020 ఆగస్టులో కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. దాన్ని అడగడం తప్పు కాదు. పాలకుని ముందు సత్యం పలకడం ఇస్లాంలో గొప్ప పుణ్యం. అయితే ప్రశ్న ఒకటి, దాని నుండి మనం తీసే ముగింపు మరొకటి. దుకాణం ముందు గుంపు చేరింది గనక మస్జిదులోనూ గుంపు చేరాలి అన్న వాదన నిలవదు. ఒకరి తప్పు మరొకరికి దలీలు కాజాలదు. ఒక జాతి పట్ల కోపం మిమ్మల్ని న్యాయం నుండి తప్పించకూడదని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరాలో ఆదేశిస్తుంది. పరులకు హాని చేయరాదు, హానికి బదులు హాని చేయరాదు అన్నది ప్రవక్త నేర్పిన సూత్రం. మస్జిదులో వ్యాధి అంటుకుంటే అది ఇంట్లో మంచాన ఉన్న ముసలి తల్లికి చేరుతుంది, ఆమెకు ఏ దుకాణంతోనూ సంబంధం లేదు.

పైగా ఆ రోజుల్లో ఆరాధన ఆగిపోలేదు. వానలో, చలిలో ఇళ్లలోనే నమాజు చేసుకొమ్మని అజాన్‌లో ప్రకటించిన సంప్రదాయం ప్రవక్త కాలం నుండీ ఉంది. బురదకే ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు ప్రాణభయానికి ఉండదా?

మళ్లీ ఆదేశం వస్తే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కొవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. కాని వ్యాధులు మళ్లీ రావని ఎవరూ హామీ ఇవ్వలేరు. చిక్కడపల్లికి దగ్గరలోనే నల్లకుంట జ్వరాల ఆసుపత్రి ఉంది. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట కోరంటి అయింది. మన తాతల కాలంలోనూ మనుషులు ఇతరుల కోసం వేరుగా ఉన్నారని ఆ పేరు సాక్ష్యమిస్తోంది.

కాబట్టి ప్రతి మస్జిదు కమిటీకి మా మనవి ఇది. మీ మహల్లాలో ఒంటరిగా గదుల్లో ఉండే విద్యార్థులు, కూలీలు, వృద్ధులు ఎవరో ఇప్పుడే తెలుసుకోండి. మతం అడగకండి. ఆపద నాడు వారికి రెండు పూటల అన్నం చేర్చే ఏర్పాటు ముందే ఆలోచించుకోండి. ఇళ్లు, గదులు అద్దెకిచ్చే సోదరులారా! విపత్తు వేళ కిరాయిదారుని బయటికి పంపే ముందు, రేపు అల్లాహ్ సమక్షంలో ఏమని జవాబు చెబుతారో ఆలోచించండి. నిండిన వంటింట్లో కూర్చుని సహనం గురించి ఇతరులకు బోధించేవారు, ముందు ఒక గిన్నె అన్నం పంపి ఆ తర్వాత బోధించండి.

మళ్లీ ఎప్పుడైనా తలుపులు మూయమన్న ఆదేశం వస్తే మనం ఆ ఆదేశాన్ని పాటిద్దాం. అన్యాయం కనిపిస్తే మర్యాదగా, గట్టిగా అడుగుదాం. తలుపు మూసేముందు, బయట ఎవరైనా మిగిలిపోయారేమోనని ఒక్కసారి చూద్దాం.

అల్లాహ్ మనకు ఆపదలో సహనాన్ని, కోపంలో న్యాయాన్ని, కలిమిలో పొరుగువారి స్పృహను ప్రసాదించుగాక! ఆ వ్యాధిలో మరణించిన వారందరి కుటుంబాలకు ఓదార్పునిచ్చుగాక! ఆమీన్.