భారమును బరువును

గలతీ సంఘములకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయమున అపొస్తలుడైన పౌలు చేరువలోనే రెండు ఆజ్ఞలుంచెను. ఒకరి భారములు ఒకరు మోయవలెననుట రెండవ వచనము; ఎవరి బరువు వారే మోసికొనవలెననుట అయిదవ వచనము. పైకి ఇవి పరస్పర విరుద్ధములుగా తోచును. అయితే గ్రీకు మూలమున రెండు వేర్వేరు పదములు కలవు. ‘బారోస్’ అనగా మనుష్యుని క్రుంగదీయు భారము. ‘ఫోర్తియోన్’ అనగా ఎవరి వంతుకు వచ్చిన మూట. తెలుగు అనువాదకులును భారమనియు బరువనియు ఈ భేదమును నిలిపిరి.

టైప్ 1 మధుమేహముగల మిత్రుని చెంత ఈ భేదము నిత్యము పరీక్షకు వచ్చును. ఈ వ్యాధిలో శరీరపు రక్షణశక్తియే క్లోమములో ఇన్సులిన్ తయారుచేయు కణములను నాశనము చేయును. ఇది తీపి తినుటవలన వచ్చినది కాదు. తలిదండ్రుల దోషమును కాదు. 1922 జనవరిలో టొరంటో నగరమున లియొనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చిరి. అంతకుముందు ఈ వ్యాధి మరణశాసనమే. నేటికిని ప్రతిదినము ఇన్సులిన్ తీసికొనుట, రక్తములో చక్కెరను పరీక్షించుట, భోజనమును లెక్కించుట రోగికి తప్పదు. ఇది అతని బరువు.

సంఘపు ప్రేమవిందులో అతడు మిఠాయి ముట్టగానే, “నీవది తినవచ్చునా?” అని పదిమందిలో అడుగువాడు ప్రేమతోనే అడుగును. అయితే మిత్రుడు దానికి తగిన ఇన్సులిన్ అప్పటికే లెక్కగట్టి తీసికొని యుండవచ్చును. అడిగినవాడు అతని బరువును తగ్గింపలేదు. దానిపై సిగ్గు అను భారమును మోపెను. విశ్వాసమున్నయెడల సూది మానుమని చెప్పుట ఇంతకంటె ఘోరము. ఇన్సులిన్ లేనిచో కొద్ది దినములలోనే రక్తము ఆమ్లపూరితమై ప్రాణాపాయము కలుగును. యోబు మిత్రులు ఏడు దినములు మౌనముగా నేలను కూర్చుండినప్పుడు అతనికి తోడుగా నుండిరి. దోషము వెదకుటకు నోరు తెరచినప్పుడే అతని గాయపరచిరి.

అట్లయిన మౌనమే స్నేహధర్మమా? కాదు. బరువు భారముగా మారు గడియ యొకటి కలదు. రక్తములో చక్కెర 70 మిల్లీగ్రాములకంటె తగ్గినప్పుడు చెమట, వణకు, మాట తడబాటు కలుగవచ్చును; సాయము కోరవలెనను తెలివియు మందగింపవచ్చును. మ్రింగగల స్థితిలో నున్నయెడల 15 గ్రాముల చక్కెర, అనగా మూడు నాలుగు చెంచాలు, నీటిలో కలిపి త్రాగించి, 15 నిమిషములకు మరల పరీక్షింపవలెను. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఆ గడియలో ఏమి చేయవలెనో నెమ్మదిగల వేళ అతనినే అడిగి తెలిసికొనుట మిత్రుని విధి.

మరి మిత్రుడే విసిగి ఇన్సులిన్ నిర్లక్ష్యము చేసినయెడల? అదియు క్రుంగుబాటే. అప్పుడు కావలివాడు చాలడు. ఏకాంతమున అపాయమును దాచక చెప్పి, “నేడు నేనేమి చేయుదును?” అని అడిగి, వైద్యుని యొద్దకు వెంట నడచువాడు కావలెను. అతని మూటను లాగికొనక, అతడు తూలినప్పుడు చేయి అందించునంత దగ్గరగా నడచుటలో పౌలు చెప్పిన రెండు మాటలును నెరవేరును.